రబ్బరు పుండు

నర్సింగ్ స్కూలుకు ఆ శిక్షకుడు వస్తూ వస్తూ ఒక సూట్‌కేసు, ఒక బల్లగంట తెచ్చాడు. సూట్‌కేసులో ఏముందో చివరిదాకా ఎవరికీ తెలియలేదు గానీ, గంట సంగతి మాత్రం అరగంటలో స్కూలంతా పాకిపోయింది. లాడ్జీల్లో గుమాస్తాను పిలవడానికి బల్ల మీద పెడతారే, నెత్తిన ఒక్కటిస్తే టింగుమంటుందే, సరిగ్గా అలాంటిది. దాన్ని ఆయన జేబురుమాలుతో తుడిచి, పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా బల్ల మధ్యలో పెట్టాడు.

"వృత్తి నీతి చెప్పే టీచరు గొంతు వణికితే నీతే వణికిపోతుంది," అన్నాడు ఎదురుగా కూర్చున్న ఆరుగురు ట్యూటర్లతో. "మీకు తెలియని సంగతులు ఉండొచ్చు. ఉంటే మీ దగ్గరే దాచుకోండి. పిల్లలకు కావలసింది మీ ధీమా. అనుకుంటా, ఏమో, తెలియదు. ఈ మూడు మాటలూ ఈ మూడు రోజులూ ఈ గదిలో వినబడకూడదు. వినబడ్డాయో..."

టింగ్.

ఆరుగురూ ఉలిక్కిపడ్డారు. ఆయన మాత్రం తన వంట తనే మెచ్చుకునే మనిషిలా పెదాలు చప్పరించాడు. ఆ క్షణం నుంచి ఆయన పేరు గంటాయన.

తలుపు దగ్గర ఉతికిన దుప్పట్ల దొంతర మోసుకుని నిలబడ్డ ఆయమ్మ కూడా ఉలిక్కిపడింది. ఆయమ్మ అంటే ఆ స్కూల్లో ప్రాక్టీసు గదిని చూసుకునే మనిషి. ఆ గదిలో ఆరు మంచాలు, నాలుగు ప్లాస్టిక్ బొమ్మలు, ఒక ఎముకల గూడు, అద్దాల బీరువా నిండా రబ్బరు పుళ్ళు ఉంటాయి. పిల్లలు కట్టు కట్టడం, సూది వెయ్యడం, మంచం సర్దడం అక్కడే నేర్చుకుంటారు. వాళ్ళు నేర్చుకుని పోయాక మిగిలిన చిందరవందరంతా ఆయమ్మది. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. చదివింది ఏడో తరగతి. భయాల్లో మాత్రం పెద్ద పట్టాలున్నాయి. చినుకు పడితే వరద, తుమ్మితే నిమోనియా, వేళకాని వేళ ఫోను మోగితే చావు కబురు. ఆవిడ బుర్ర ఆ దారినే నడుస్తుంది.

ఆవిడకు ఒక్కతే కూతురు. ఆరుగురిలో చివరి కుర్చీలో కూర్చున్న పిల్ల ఆ కూతురే. ఈ స్కూల్లోనే చదివి, రెండేళ్ళు ఆసుపత్రి వార్డులో చేసి, ఏడాదిగా ఇక్కడ ట్యూటరు. ఇంకా పర్మినెంటు కాలేదు. "స్కూల్లో అమ్మా కూతురూ వరసలు వద్దు, పిల్లలు చులకన చేస్తారు," అని ప్రిన్సిపాల్ మేడం చేరిన రోజే చెప్పింది. అందుకని కూతురు కూడా అందరిలాగే ఆయమ్మా అని పిలిచేది. పిలిచిన ప్రతిసారీ చేదుమందు మింగినట్టు మొహం పెట్టేది.

ఆ పిల్ల ఫైల్లో ఒక మచ్చ ఉంది. ఆరు నెలల కిందట క్లాసులో ఒక విద్యార్థిని లేచి, "మేడం, రోగికి జబ్బు సంగతి చెప్పొద్దని ఇంట్లోవాళ్ళు అంటారు. ఆయనేమో మన చెయ్యి పట్టుకుని నేను బతుకుతానా అని అడుగుతాడు. ఏం చెప్పాలి?" అంది. "నాకూ తెలియదమ్మా. వార్డులో ఒకసారి అబద్ధం చెప్పాను. తప్పు చేశానేమోనని ఇప్పటికీ పీకుతూనే ఉంటుంది. రేపు అందరం కూర్చుని మాట్లాడుకుందాం," అన్నది ఈ పిల్ల. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ వరండాలో పోతోంది. మర్నాడు ఫైల్లో ఎర్ర సిరాతో రెండు ముక్కలు పడ్డాయి: 'ధీమా లేదు.' ఈ శిక్షణ అయ్యాక గంటాయన ఆ ముక్కల్ని 'ధీమా ఉంది' అని మారిస్తే పర్మినెంటు. మార్చకపోతే నెలాఖరుకు ఇంటికి.

ఆ సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఆయమ్మ మొదలుపెట్టింది.

"ఏమే, ఆ మూడు మాటలూ అనకుండా ఉండలేవా? మూడంటే మూడే. లోకంలో ఇంకా బోలెడు మాటలున్నాయి కదా."

"నిజంగా తెలియకపోతే ఏం చెయ్యమంటావు?"

"దగ్గు. దగ్గితే గంట కొట్టడుగా."

కూతురు పగలబడి నవ్వింది. "ఇవాళంతా ఆయన ఏం నేర్పాడో తెలుసా? గడ్డం ఎంత ఎత్తాలో, చెయ్యి ఎంత దూరం చాచాలో. చావు గురించి చెప్పేటప్పుడు కిటికీలోంచి బయటికి చూడాలట. బరువుగా ఉంటుందట."

"చూడు. కిటికీయే కదా, చూస్తే కళ్ళేమైనా పోతాయా? నీ ఉద్యోగం పోయిందంటే మళ్ళీ వార్డు. వార్డంటే రాత్రి డ్యూటీలు. నిద్ర చాలదు. నిద్ర చాలక పొద్దున్నే తూలుతూ రోడ్డు దాటుతుంటే..."

"లారీ వస్తుంది."

"వస్తుంది మరి!"

"ఎప్పుడూ లారీయేనా అమ్మా? నా మీద జాలిపడి ఒక్కసారైనా సైకిలు పంపించు."

"నవ్వు, బాగా నవ్వు. నా గుండె ఎట్లా కొట్టుకుంటోందో నాకు తెలుసు."

కూతురి చూపు కిందికి పోయింది. "అది సరే, ఇంట్లో కూడా ఆ మేజోళ్ళేంటి?"

"చలి."

"ఈ ఉక్కలోనా?"

"నా చలి నాది, నీకెందుకు?" అంటూ ఆయమ్మ కాళ్ళు స్టూలు కిందికి లాక్కుంది.

చలీ లేదు, గిలీ లేదు. మూడు వారాల కిందట ప్రాక్టీసు గదిలో మంచం జరుపుతుంటే దాని ఇనుప మూల ఎడమ కాలి ముందుభాగం గీరేసింది. చిన్న గీతే. అది మానకుండా, పచ్చిగా, రూపాయి బిళ్ళంత అయి కూర్చుంది. పాత దుప్పటి చింపి కట్టు కట్టి, పైన మోకాలి దాకా మేజోడు లాగి, ఎవరికీ చెప్పలేదు. కూతురికి చెబితే పరీక్షలంటుంది. పరీక్ష చేస్తే షుగరు ఉందంటారు. ఉంటే వేలు తీస్తారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఇక స్కూల్లో తెలిస్తే ఇంకో గండం. పుండున్నవాళ్ళు దుప్పట్లు ముట్టుకోకూడదని గోడ మీద రాసే ఉంది. ఆ కాగితం అంటించింది ఆయమ్మే.

రెండో రోజు పొద్దున ప్రాక్టీసు గదిలో కొత్త హడావుడి. ట్యూటర్లు ఒక్కొక్కరుగా వచ్చి, రోగి దగ్గర ఒప్పుదల తీసుకుని, కాలికి కట్టు మార్చి చూపించాలి. ఎనిమిది నిమిషాలు. ఆ పని చూసి గంటాయన ధీమా ఉందో లేదో రాస్తాడు. రోగిగా పడుకోవడానికి కుదుర్చుకున్న మనిషి ఎంతకీ రాలేదు.

"ఆయమ్మా, నువ్వు పడుకో," అంది ప్రిన్సిపాల్.

"నేనా అమ్మగారూ? నాకు... నాకు దుప్పట్లు..."

"దుప్పట్లు ఎక్కడికీ పారిపోవు. ఎక్కు మంచం."

ఇరవై ఏళ్ళు ఆ మంచాలు వేసిన మనిషి మొదటిసారి ఒకదాని మీద ఒరిగింది. గంటాయన బీరువాలోంచి ఒక రబ్బరు పుండు ఏరుకొచ్చి కుడికాలి మేజోడు విప్పించి పట్టీలతో బిగించాడు. వారం వారం ఆయమ్మ సబ్బునీళ్ళతో కడిగే పుండే అది. దానికొక నంబరు, రిజిస్టరులో దానికొక వరస, కొంచెం అంచు చిరిగితే దానికొక విచారణ. ఈ బిల్డింగులో తన ఒంటి మీద ఉన్న పుండుకంటే ఈ రబ్బరు ముక్కకే పరపతి ఎక్కువ అనుకుంది ఆయమ్మ.

"ఆ కాలిది కూడా విప్పు," అన్నాడాయన.

"చలయ్యా, ఉండనివ్వండి." ఆయమ్మ ఎడమకాలు దుప్పటి కిందికి లాక్కుంది. ఆయన మళ్ళీ అడగలేదు. అడిగినదానికి జవాబు పట్టించుకోవడం ఆయనకు అలవాటున్నట్టు లేదు.

తర్వాత ఒక కాగితం ఇచ్చాడు. రోగి అంగీకార పత్రమట. ఆయమ్మ కూడబలుక్కుని మొదటి పంక్తి చదివేలోగా కలం చేతిలో పెట్టి సంతకం చేయించుకున్నాడు. అటెండరును పిలిచి, "దీన్ని ఆరు జెరాక్సులు తీయించు. ప్రతిసారీ ఈవిడ చేత రాయిస్తూ కూర్చుంటే సాయంత్రమవుతుంది," అన్నాడు. ఆరుగురు అడగబోయే ప్రశ్నకు జవాబు ముందే ఆరు కాపీలై వేడివేడిగా వచ్చి బల్ల మీద పడింది.

"నువ్వు అనాల్సింది ఒక్కటే మాట. ఒప్పుకుంటున్నాను. ఇంకేం మాట్లాడకు," అన్నాడు.

ఆ పత్రంలో 'ఎడమ కాలు' అని ఉంది. మంచం కాళ్ళవైపు నిలబడి చూసి రాశాడు మరి. ఆయనకు ఎడమవైపు ఉన్నది పడుకున్న మనిషికి కుడివైపు అవుతుంది. మొదటి సంవత్సరం పిల్లలకు మొదటి వారంలోనే చెప్పే పాఠం ఇది. చెప్పగా చెప్పగా విని ఆయమ్మకే వచ్చేసింది. దేశమంతా తిరిగి ధీమా పంచే మనిషికి ఇంకా రాలేదు.

ట్యూటర్లు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. పిలిచినవాళ్ళు లోపలికి వచ్చి, పని ముగించి, లోపలే వెనక వరసలో కూర్చోవాలి. మొదటి ఇద్దరూ పత్రం చదవలేదు. రబ్బరు పుండు కనబడింది, దానికే కట్టు కట్టి పోయారు. ఇద్దరూ గడ్డాలు ఎత్తారు. ఇద్దరూ "ఒప్పుకుంటున్నారా?" అంటూనే దుప్పటి లాగేశారు. అడగడమూ లాగడమూ ఒకే ఊపులో అయిపోయాయి. ఆయమ్మ "ఒప్పుకుంటున్నాను" అనేసరికి కాలు గాల్లో ఉంది.

మూడోది మైకు. పిల్లలు పెట్టిన పేరు. ఆవిడ కింద క్లాసు చెబితే మేడ మీద పిల్లలు నోట్సు రాసుకోవచ్చు. అసలు రోగిని ముట్టుకుని పన్నెండేళ్ళయింది. ఆవిడ వస్తూనే పత్రం పైకెత్తి చదివింది.

"ఎడమ కాలు! సార్, ఇది కిటుకు కదా? కుడికాలిది ఊరికే మభ్యపెట్టడానికి. అసలు పుండు ఎడమ కాలిది!"

గంటాయన నోరు తెరిచాడు. తన తప్పు తనకు అర్థమైనట్టే ఉంది. కానీ తప్పు ఒప్పుకునే మాటల మీద నిన్ననే గంట పెట్టాడు కదా. నోరు మూసుకుని తల ఊపాడు.

"ఒప్పుకుంటున్నారా?" అని మైకు గర్జించేటప్పటికే ఎడమ మేజోడు చీలమండ దగ్గరుంది. దుప్పటి పేలిక కట్టు ఊడింది. పచ్చి పుండు బయటపడింది.

గంటాయన ప్రిన్సిపాల్ వంక చూశాడు, ఈవిడ ఏర్పాటు చేసిందేమోనని. ప్రిన్సిపాల్ గంటాయన వంక చూసింది, ఈయన తెచ్చిందేమోనని. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకుంటూ తలలూపుకున్నారు.

"అబ్బబ్బ, ఏం పనితనం సార్!" అంది మైకు. "మా బీరువాలోవి ఇంత తడిగా ఉండవు. వాసన కూడా పెట్టారు!"

"చదివినవాళ్ళకే దొరుకుతుంది," అన్నాడు గంటాయన సిగ్గు లేకుండా.

మైకు సెలైనులో గాజ్ గుడ్డ ముంచి, గిన్నె తోమినట్టు తోమింది. ఆయమ్మ కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి. ఒక్క మాట, ఇది నాది, నిజం పుండు అని ఒక్క మాట అంటే చాలు. అంటే ఏమవుతుందో కూడా అంతలోనే బుర్రలో గిర్రున తిరిగింది. తన పని పోతుంది. శిక్షణ ఆగిపోతుంది. కూతురి ఫైల్లో ఎర్ర సిరా అలాగే ఉంటుంది. తల్లి వల్లే పోయిందని స్కూలంతా చెప్పుకుంటుంది. లారీ కూడా వచ్చి వీధి చివర ఆగింది. ఆయమ్మ పళ్ళు బిగించి పైకప్పు చూసింది.

"గమనించండి," అన్నాడు గంటాయన వెనక వరసతో. "రోగి ఎంత సహజంగా ఏడుస్తోందో!"

నాలుగో ట్యూటరు నెమ్మదస్తురాలు. మైకు కట్టిన కట్టు విప్పి, పుండు చూసి, వంగి, ఇంకా దగ్గరగా చూసి, గ్లవ్సు వేసుకున్న చెయ్యి వెనక్కి తీసుకుంది. "సార్, ఇది నిజం పుండే అనుకుంటా..."

టింగ్.

"ఏ మాటన్నారు?"

"అను... ఏం లేదు సార్."

"మళ్ళీ చెప్పండి, ధీమాగా."

ఆవిడ ఆయమ్మ మొహం చూసింది, గంట చూసింది, ప్రిన్సిపాల్ చేతిలో ఫైలు చూసింది. "పుండు బాగుంది సార్," అని కట్టు కట్టేసింది. ఐదో ఆవిడ ఆ మాత్రం కూడా చూడలేదు. ముగ్గురు చదువుకున్న నర్సులు వరసగా వచ్చి ఒక బతికున్న కాలిని రబ్బరు కింద జమకట్టి పోయారు. వాళ్ళను చూస్తుంటే ఆయమ్మకు నొప్పి కన్నా ఎక్కువగా ఒక రోత పుట్టుకొచ్చింది. ఇరవై ఏళ్ళు వీళ్ళనా తను మేడం, మేడం అంటూ తలుపులు తీసింది!

"చివరి ట్యూటర్ రావచ్చు," అన్నాడు గంటాయన.

కూతురు లోపలికి వచ్చింది. మంచం మీద ఎవరున్నారో చూసి గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగింది. తర్వాత నడిచి వచ్చి మంచం పక్కన నిలబడింది. అందరూ కాళ్ళవైపు నిలబడ్డారు. ఈ పిల్ల మాత్రం మొహం కనబడే చోట నిలబడింది.

పత్రం తీసుకుని చదివింది. కిందికి చూసింది. "ఈ సంతకం ఎప్పుడు పెట్టారు మీరు?"

మీరు! కడుపున పుట్టిన పిల్ల తనను మీరు అనడం ఆయమ్మ జన్మలో వినలేదు. స్కూల్లో ఆయమ్మా అని పిలిచినా నువ్వే అనేది.

"ఒప్పుకుంటున్నాను," అంది గబగబా. ఎనిమిది నిమిషాల్లో అప్పుడే ఒకటి పోయింది.

"నేనింకా ఏం అడగలేదు." కూతురు కాగితాన్ని ట్రే కింద పెట్టేసింది. "కాలు చూడాలి. దుప్పటి తీయనా?"

అడిగి ఊరుకుంది. నిజంగానే ఊరుకుంది. చేతులు రెండూ తన దగ్గరే ఉన్నాయి. ఆయమ్మ తల ఊపాక గానీ దుప్పటి మీద చెయ్యి వెయ్యలేదు.

కుడికాలు చూసింది. ఎడమకాలు చూసింది. కట్టు మీద ఎర్రగా ఊరుతోంది. వేలి వెనకభాగం కట్టు పక్కన చర్మం మీద ఆనించింది. రబ్బరు కాలదు. ఇది కాలుతోంది. కూతురి మొహంలో రంగు పోవడం ఆయమ్మకు స్పష్టంగా కనబడింది. మేజోళ్ళు, స్టూలు కింద కాళ్ళు, నా చలి నాది, అన్నీ ఆ కళ్ళలో వరసగా తిరిగిపోయాయి.

చెప్పొద్దు తల్లీ అని ఆయమ్మ కళ్ళతోనే బతిమాలింది. చెయ్యెయ్, కట్టెయ్, మార్కు తెచ్చుకో, ఇంటికెళ్ళాక తిట్టుకో.

కూతురు దుప్పటి మళ్ళీ కప్పింది. వంగి, అందరికీ వినబడేంత గొంతుతోనే, మెల్లగా అడిగింది. "ఈ కట్టు ఇక్కడ, ఇంతమంది ముందు విప్పితే మీకు ఇష్టమేనా? ఇష్టం లేకపోతే వద్దనొచ్చు. నాకేం కాదు."

అబద్ధం. ఏం అవుతుందో ఇద్దరికీ తెలుసు.

"రోగి జవాబు పత్రంలో ఉంది. ముందుకు పదండి," అన్నాడు గంటాయన.

కూతురు కదల్లేదు. గోడ గడియారం ముల్లు కదులుతోంది. ఈ పిల్ల నిలబడే ఉంది, రాత్రంతా నిలబడమన్నా నిలబడేలా ఉంది. అసలు తనను పొద్దున్నుంచి ఎవరైనా అడిగారా? ఐదుగురు అడిగారు, ఐదుసార్లు ఒప్పుకుంది, ఐదుసార్లూ ఆ ప్రశ్న తన దాకా రానే లేదు. ఇప్పుడు వచ్చి ఎదురుగా నిలబడేసరికి, ఆయమ్మకు తెలియకుండానే నోట్లోంచి జారిపోయింది.

"వద్దు."

అని, అన్నది తనేనా అన్నట్టు చుట్టూ చూసింది.

"సరే. విప్పను," అంది కూతురు.

టింగ్. "ఒప్పుకోని రోగిని ఒప్పించాలి! ధీమాగా!"

"ఎలా ఒప్పించాలో నాకు తెలియదు సార్."

టింగ్.

"కారణమైనా కనుక్కున్నారా? ఎందుకు వద్దంటోంది?"

"కొంత తెలుసు. ఇక్కడ చెప్పను. అది ఆవిడది."

టింగ్ టింగ్. గంటాయన మొహం కందగడ్డ అయింది. కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. ఆ రెండు ముక్కలే అని తలకిందులుగా చూసినా తెలుస్తోంది. ప్రిన్సిపాల్ పెదవి విరిచింది. వెనక వరసలో మైకు కిసుక్కుమంది.

ఆ కిసుక్కుతో ఆయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి కూర్చుంది. కుడికాలి పట్టీలు తనే విప్పి, రబ్బరు పుండు ఊడదీసి, ఆయన రాస్తున్న కాగితం మీద ధబ్బున పెట్టింది.

"ఇది మీదయ్యా. నంబరు పదకొండు. అప్పజెప్పుకోండి." ఎడమకాలు మంచం మీంచి దించింది. "ఇది నాది. మూడు వారాల్నుంచి నాదే."

నెత్తురు కట్టు దాటి మడమ మీదికి జారి, నేల మీద ఒక చుక్క పడింది. రబ్బరు పుళ్ళు ఆ పని చెయ్యవు. గదిలో ఎవరూ గడ్డం ఎత్తలేదు. మైకు గొంతు మొట్టమొదటిసారి ఎవరికీ వినబడకుండా పోయింది. నాలుగో ట్యూటరు మొహం చేతుల్లో దాచుకుంది. చావు మాట వచ్చినప్పుడు చూడమన్న కిటికీలోంచి గంటాయన బయటికి చూస్తున్నాడు.

ముందుగా తేరుకున్నది ప్రిన్సిపాల్. "పుండు ఉందని చెప్పొద్దూ? మా కొంప ముంచావు కదా!"

"ఎవరూ అడగలేదమ్మగారూ. ఒప్పుకుంటున్నావా అనే అడిగారు."

కూతురు అప్పటికే తల్లి చంక కింద చెయ్యి వేసింది. "పద అమ్మా," అంది, స్కూల్లో, అందరి ముందు.

మూడో రోజు శిక్షణ జరగలేదు. గంటాయనకు వేరే ఊళ్ళో పని గుర్తొచ్చిందట. వెళుతూ వెళుతూ ఐదుగురికి 'ధీమా ఉంది' అనీ, ఒక్కరికి లేదనీ రాసి ఇచ్చి మరీ వెళ్ళాడు. అబద్ధాల్లో కూడా ఒక క్రమశిక్షణ ఉన్న మనిషి.

ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ ఇంటికి వచ్చింది. ఆయమ్మ కాలు దిండు మీద పెట్టుకుని మంచం మీద ఉంది. షుగరు ఉందన్నారు. మాత్రలిచ్చారు. వేలు తియ్యలేదు. తర్వాత తీస్తారేమోనని ఆయమ్మ ఎదురుచూస్తోంది.

"చిన్న కాగితం ఆయమ్మా," అంది ప్రిన్సిపాల్ ఎన్నడూ లేని తేనె గొంతుతో. "శిక్షణలో నాకు ఏ ఇబ్బందీ కలగలేదు, అంతా నా ఇష్టంతోనే జరిగింది అని. అంతే. ఇక్కడ సంతకం పెట్టు. నీ కూతురి ఆర్డరు సంగతి నేను చూసుకుంటాగా."

ఇదీ వాళ్ళ నీతి. నిన్న సంతకం ముందు, పుండు తర్వాత. ఇవాళ పుండు ముందు, సంతకం తర్వాత.

ఆయమ్మ చెయ్యి కలం దాకా వెళ్ళింది. ఎందుకు వెళ్ళదు? కన్నతల్లి. ఒక గీత గీస్తే పిల్ల పర్మినెంటు. వంటింటి గుమ్మంలో కూతురు నిలబడి చూస్తోంది. పెట్టమనలేదు, పెట్టొద్దనలేదు. నిన్నటిలాగే చేతులు తన దగ్గర పెట్టుకుని నిలబడింది. ఆ నిలబడ్డం చూసి ఆయమ్మ కలం వదిలేసింది.

"చదవాలి కదమ్మగారూ. నాది ఏడో తరగతి చదువు. నిదానంగా చదువుతాను. ఉంచి వెళ్ళండి."

"ఎన్నాళ్ళు చదువుతావు?"

"తెలియదమ్మా," అంది ఆయమ్మ.

గంట మోగలేదు. ప్రిన్సిపాల్ కాగితం మంచం మీద ఉంచి లేచి వెళ్ళిపోయింది.

ఆ కాగితం ఇప్పటికీ బట్టల పెట్టె అడుగున ఉంది. ఆయమ్మ రోజుకొక పంక్తి చదువుతానని కబురు పంపిస్తూనే ఉంది. సంతకం పడని ఆ కాగితం ఎవరి చేతికి పోతుందోనని స్కూలు ఆఫీసులో ఒకటే కంగారు. నెలాఖరుకు కూతురి పర్మినెంటు ఆర్డరు ఎవరూ అడగకుండానే వచ్చింది. వృత్తి నీతి క్లాసు కూడా ఆ పిల్లకే ఇచ్చారు. తక్కిన ఐదుగురికీ ఆ పీరియడులో ఉన్నట్టుండి వేరే పనులు పడ్డాయి. నాలుగో ట్యూటరు మాత్రం ఒక రోజు వచ్చి వెనక బెంచీలో కూర్చుంది.

సంతోషించాల్సిందే కదా? ఆయమ్మకు ఆ అదృష్టం లేదు. ఇవాళ ఇచ్చినవాళ్ళు రేపు లాక్కోరా, ఏదో సాకు పెట్టరా, వాళ్ళు ధీమా ఉన్న మనుషులు, ఏమైనా చేస్తారు అని రోజూ గొణుగుతూనే ఉంటుంది.

సాయంత్రం కూతురు ట్రే తెచ్చుకుని మంచం పక్కన, మొహం కనబడే చోట, స్టూలు వేసుకుంటుంది. పుండు పావలా బిళ్ళంతకు తగ్గింది.

"కట్టు విప్పనా?" అని అడిగి ఆగుతుంది.

"రోజూ ఏం అడుగుతావే? విప్పు తల్లీ, కూర చల్లారిపోతోంది."

అయినా తల ఊపేదాకా ఆ పిల్ల ముట్టుకోదు. ఆయమ్మ కూడా వెంటనే ఊపదు. కాస్త ఆగనిస్తుంది.